కాటి సీనులో ఎవరు గట్టి?

అర్ధరాత్రి దాటింది. హార్మోనియం శ్రుతి పెరిగింది. భుజాన కర్రతో కాటికాపరి వేదిక మీదికొచ్చాడు. అంతే... అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు!

నల్గొండ, పాలమూరు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకమంటే కాటి సీనే. పద్యం పద్యానికీ చప్పట్లు, వన్స్‌మోర్‌లు హరిశ్చంద్రుడికి. కొంగుతో కళ్లొత్తుకునేది మాత్రం చంద్రమతి కోసం. మరి ఆ ఆలుమగల్లో ఎవరు గట్టి?

మన సీమ కవి చెప్పిన కథ

పురాణంలోని ఈ కథను 15వ శతాబ్దంలో ద్విపద కావ్యంగా రాసిన గౌరన, రాచకొండ-దేవరకొండ సీమను ఏలిన రేచర్ల పద్మనాయకుల కాలం కవి. తర్వాత బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన నాటకం ఊరూరా మారుమోగింది. కాటి సీనుకు జాషువా శ్మశాన పద్యాలు తోడయ్యాక హరిశ్చంద్ర పాత్ర గొంతున్న నటుడికి పండగే అయింది.

చంద్రమతికి అన్ని పద్యాల్లేవు. అయినా ఆ పాత్రను తక్కువగా చూడలేం. రంగస్థలం మీద చంద్రమతిగా పేరు తెచ్చుకున్న కన్నాంబ, 1935 నాటి ‘హరిశ్చంద్ర’లో అదే పాత్రతో సినిమాల్లోకి వచ్చింది.

మాట ఆయనది... మూల్యం ఇద్దరిదీ

విశ్వామిత్రుడికి మాట ఇచ్చింది హరిశ్చంద్రుడు. ఆ మాటలో భార్య ప్రమేయం లేదు. కానీ అప్పు తీరే దారి కనబడనప్పుడు ‘నన్ను అమ్మండి’ అన్నది ఆమే. మార్కండేయ పురాణంలోనూ అంతే. అమ్మకానికి నిలబడి కాలకౌశికుడి ఇంట దాసి అయింది. కొడుకు లోహితుడు పాము కాటుకు చనిపోయాడని తెలిసినా, ఇంటి చాకిరీ అయ్యేదాకా కదలనివ్వలేదు. చీకట్లో ఒంటరిగా శవాన్ని మోసుకుంటూ కాటికి వచ్చింది.

అక్కడ కాటిసుంకం అడిగినవాడు కట్టుకున్నవాడే! భర్తకు తప్ప ఎవరికీ కనిపించని మంగళసూత్రం చూశాకే ఆమెను గుర్తుపట్టాడు. పట్టి కూడా సుంకం వదల్లేదు. అతని గట్టితనమంతా అక్కడుంది. కన్నకొడుకు శవం ముందు యజమాని సొమ్ముకు ద్రోహం చేయకపోవడం చిన్న విషయమా?

షేక్‌స్పియర్ ‘మ్యాక్‌బెత్‌’లో వెనకాడే మొగుణ్ని రెచ్చగొట్టి హత్య చేయించిన భార్య, ఆనక తానే మతి చెదిరి కుప్పకూలిపోతుంది. ఒకరు గట్టిపడేకొద్దీ మరొకరు విరిగిపోతారు. హరిశ్చంద్ర కథలో అలా కాదు. కాశీరాజు కొడుకును చంపిందన్న నింద పడి, చంద్రమతి తల నరికే పని హరిశ్చంద్రుడికే వచ్చింది. అతని చెయ్యి వణికితే ధర్మం తప్పవద్దన్నది ఆమే. మెడ వంచి కూర్చుంది. కత్తి పూలమాల అయింది.

ఎంచుకున్న వ్రతానికి కట్టుబడటం అతని బలం. తాను ఎంచుకోని కష్టాన్ని తనదిగా మోయడం ఆమె బలం. ఆమె ‘కాదు’ అని ఉంటే సత్యహరిశ్చంద్రుడే లేడు.

ఈసారి మీ ఊళ్లో నాటకం ఆడితే, చంద్రమతి మెడ వంచినప్పుడు కూడా చప్పట్లు కొట్టండి!