పసిపిల్లలకు బకెట్ నీళ్లూ లోతే

అండమాన్‌లో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) రేవుకు ఆవలి ఒడ్డున ఉంది హోప్ టౌన్. ఇలాంటి చోట పిల్లల గురించి భయమంటే సముద్రం గురించే. కానీ పాకే వయసు నుంచి నాలుగేళ్ల వరకు బిడ్డకు అన్నిటికంటే దగ్గరగా ఉండేవి ఇంట్లోని నీళ్లే. అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసినా వేసవిలో నీటికి కొరతే. అందుకే డ్రమ్ములు, బకెట్లు నింపి ఉంచుకోవడం తప్పదు. మన తెలుగు ఊళ్లలోనూ ఇదే అలవాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు.

బకెట్‌లో ఎలా మునుగుతారు?

పెద్దవారి ఎత్తులో తల సుమారు ఎనిమిదో వంతు. ఏడాది, రెండేళ్ల బిడ్డలో ఐదో వంతు. బరువు పైభాగంలో ఎక్కువ కాబట్టి, తొంగిచూస్తే తలకిందులుగా పడిపోతారు. తిరిగి లేచే బలం చేతులకు ఉండదు. 15 లీటర్ల నీళ్లున్న బకెట్ 15 కిలోలకు పైనే ఉంటుంది. రెండేళ్ల బిడ్డ బరువు సుమారు 12 కిలోలు. కాబట్టి బకెట్ ఒరగదు. ముక్కు, నోరు మునిగితే చాలు, అరుపు కూడా వినిపించదు. ఆక్సిజన్ అందకపోతే కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది.

ఏం చేయాలి?

• వాడకం అయిపోగానే బకెట్, టబ్ ఖాళీ చేసి బోర్లించాలి.
• నిల్వ డ్రమ్ములకు, సంపులకు బిడ్డ తీయలేని గట్టి మూత పెట్టాలి.
• స్నానాల గది తలుపుకు పైన గడియ వేయాలి.
• స్నానం మధ్యలో ఫోన్ మోగినా బిడ్డను వదిలి వెళ్లకూడదు. అక్కకో అన్నకో అప్పగించకూడదు.

ప్రమాదం జరిగితే బిడ్డను వెంటనే బయటికి తీసి, 112కు ఫోన్ చేయమని పక్కవారికి చెప్పాలి. ఊపిరి లేకపోతే ముందు నోటి ద్వారా శ్వాస అందించి, తర్వాత ఛాతీ నొక్కుతూ ఉండాలి. నీళ్లు కక్కించడానికి తలకిందులుగా పట్టుకోవడం, పొట్ట నొక్కడం మంచిది కాదు. దానివల్ల విలువైన సమయం పోతుంది.

ఇంటి పనుల మధ్య తల్లి ఒక్కతే ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండలేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఉదయం పూట పసిపిల్లలను చూసుకునే ‘ఆంచల్’ కేంద్రాలు పెట్టాక, వాటికి వచ్చే పిల్లల్లో మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గింది. మనకు అంగన్‌వాడీలు ఉన్నాయి. పనుల వేళ బిడ్డను అక్కడికి పంపితే చదువుతో పాటు ప్రాణరక్షణ కూడా.