నూలుకు ఎక్కే రంగు ప్లాస్టిక్‌కు ఎందుకు ఎక్కదు?

హోట్గి రోడ్‌లోని మా తెలుగు బడికి పూర్వ విద్యార్థి ఒకరు తన పాత గిటార్ ఇచ్చి వెళ్లారు. తీగలు మార్చాక చక్కగానే పలికింది. తీగల కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ పలక మాత్రం గీతలు పడి తెల్లబారింది. దాన్ని పిక్‌గార్డ్ అంటారు. వాయించే ముక్క తగిలి చెక్క చెడకుండా అది అడ్డుంటుంది. ఏడో తరగతి పిల్లలు "సార్, దీనిమీద చాదర్ డిజైన్ వేద్దాం" అన్నారు.

కాదనలేదు. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1967లో తన గిటార్‌కు తానే రంగులేసుకున్నాడు, పై భాగానికి భార్య నెయిల్ పాలిష్ కూడా వాడాడు. మా గిటార్‌లో చెక్క జోలికి మాత్రం పోవద్దన్నాను. పైపలక పలచని చెక్క, అది కంపిస్తేనే నాదం. దానిమీద రంగు మందంగా పడితే స్వరం మూగబోతుంది. పిక్‌గార్డ్ మీద పలచగా వేస్తే పెద్దగా తేడా రాదు.

మొదటిసారి పొరపాటు నాదే. దుమ్ము తుడిచి, నేరుగా రంగు వేయించాను. రెండు వారాల్లో పొలుసుల్లా రాలింది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. "బడి గిటారే పాడు చేశాం" అని ఒకమ్మాయి ఏడ్చింది కూడా.

అద్దకం పని చేసే ఒక తండ్రి చూసి నవ్వారు. "నూలు నీళ్లు తాగుతుంది సార్, ఇది తాగదు కదా!" అన్నారు. అసలు సంగతి అదే. పత్తి నూలులోకి నీటితోపాటు రంగు చొచ్చుకుపోతుంది. రియాక్టివ్ రంగులైతే పోగుతో రసాయన బంధమే కట్టుకుంటాయి. ఈ ప్లాస్టిక్‌లోకి రంగు అలా ఇంకదు, పైన కూర్చుంటుందంతే. కూర్చోవడానికి పట్టు మనం కల్పించాలి.

రెండోసారి పలకను ఊడదీశాం. హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వెచ్చబెట్టి, గట్టి నూలు దారాన్ని కిందికి పోనిచ్చి మెల్లగా అటూ ఇటూ లాగాం. (సోలాపూర్‌లో దారానికి కరువా!) చాలా పాత గిటార్లకు ఈ పని చేయకండి. వాటి పిక్‌గార్డ్ సెల్యులాయిడ్ కావచ్చు, దానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది. పైగా అతుకుతోపాటు చెక్క పొర లేచివస్తుంది.

తర్వాత సబ్బునీళ్లతో కడిగి, 400 నంబరు నీటి కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దించాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచాం. థిన్నర్ వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను అది కరిగిస్తుంది. ఆపైన ప్లాస్టిక్ ప్రైమర్, ఆరాక పలచగా మూడు పూతలు. స్ప్రే పని పెద్దలదే, ఆరుబయట, మాస్కుతో. ఒకే మందపాటి పూతతో ముగిద్దామన్న తొందరే ఎక్కువగా కొంప ముంచేది.

డిజైన్ దగ్గర పిల్లలు నన్ను మించిపోయారు. జకార్డ్ నేతలో పువ్వైనా, నెమలైనా మెట్లు మెట్లుగానే కనబడుతుంది. అందుకే గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి, అట్ట కోసి, స్టెన్సిల్ చేశారు. సాంచాల ఇళ్లలో పెరిగిన పిల్లలకు గడి లెక్క చెప్పాలా?

చిక్కు అక్షరాల దగ్గర వచ్చింది. 'తెలుగు బడి' అని రాయాలన్నారు. ఒకరిద్దరు తల్లిదండ్రులు "బయట పోటీలకు తీసుకెళ్తారు, ఎవరికీ అర్థం కాదు, మరాఠీలోనో ఇంగ్లిషులోనో రాయండి" అన్నారు. పిల్లలు ఒప్పుకోలేదు. కానీ మన అక్షరాలు గుండ్రనివి. 'డ'కు గుడి పెట్టి అట్ట కోస్తే గుడి లోపలి ముక్క ఊడి కిందపడింది. మధ్యలో సన్నని వంతెన వదలాలని తెలుసుకోవడానికి మూడు అట్టలు పోయాయి.

పైన పారదర్శక పూత వేసి, వారం రోజులు ఆరనిచ్చాం. అతికించే ముందు ఒక పరీక్ష: మూలన బ్లేడుతో సన్నగా అడ్డం, నిలువు గీతలు గీసి, టేపు అంటించి, ఒక్కసారిగా లాగాలి. టేపుకు రంగు వస్తే పని మళ్లీ మొదటికి. గది నిశ్శబ్దమైంది. టేపు తెల్లగానే వచ్చింది. ఆ అద్దకం తండ్రి దాన్ని వెలుతురుకు పెట్టి రెండు వైపులా చూసి, జేబులో వేసుకున్నారు.