కాంటాక్టు లెన్సులు – కంటి క్షేమం



పెళ్ళిచూపులనగానే "అమ్మాయికి ఆ కళ్ళజోడు తీయించి లెన్సులు పెట్టించండి" అని సలహా ఇచ్చేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. మా మేనకోడలికీ అలాగే పెట్టించారు. పెళ్ళి హడావిడిలో పిల్ల రెండు రాత్రులు వాటితోనే నిద్రపోయింది. అప్పగింతల వేళకు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటే, ఏడుస్తోందనుకున్నాం. తీరా డాక్టరుగారు చూసి నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. కన్ను దక్కింది గానీ చిన్న మచ్చ మిగిలిపోయింది.

ఎందుకిలా అవుతుంది? నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఒకటి ఉంది. కార్నియా అంటారు. దానిలో రక్తనాళాలు ఉండవు. తనకు కావలసిన ఆక్సిజన్‌ను చాలావరకు బయటి గాలి నుంచే, కన్నీటి ద్వారా తీసుకుంటుంది. లెన్సు కూర్చునేది సరిగ్గా ఆ పొర మీదే. పైగా రెప్పలు మూసి నిద్రపోతే గాలి ఇంకా తగ్గిపోతుంది. సూక్ష్మజీవులకు అదే అదను.

ఇక ఎంపిక సంగతి. గట్టి లెన్సులు అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుంది గానీ, కార్నియా వంపు సరిగా లేనివారికి చూపు స్పష్టంగా ఉంటుంది. మెత్తనివి పెట్టుకోవడానికి హాయి. వాటిలో సిలికోన్ హైడ్రోజెల్ రకం గాలిని బాగా పోనిస్తుంది. ఏ పూటకాపూట పారేసే లెన్సులకు ఖర్చు ఎక్కువే, కానీ కడిగే పనీ దాచే పనీ లేదు. ఎప్పుడో పండక్కీ పేరంటానికీ పెట్టుకునేవారికి ఇవే మేలు. నెల లెన్సులంటే ముప్ఫైసార్లు వాడమని కాదు. పొట్లం విప్పిన రోజునుంచి నెల.

కళ్ళజోడు చీటీ చూపించి లెన్సులు కొనకండి. కంటి వంపు కొలిపించాలి, కన్నీరు చాలినంత ఉందో లేదో చూపించాలి. రంగు లెన్సులకూ ఇంతే. గాజుల్లాగా అక్కచెల్లెళ్ళు మార్చుకునే వస్తువులు కావివి!

మిరపకాయలు తరిగిన చేతులను సబ్బుతో కడిగినా మంట పోదని మనకు తెలియనిదా? అందుకని లెన్సులు పెట్టుకున్నాకే వంటింట్లోకి వెళ్ళండి. కాటుక కూడా తరవాతే. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ఆఖరికి తాగే నీళ్ళు కూడా లెన్సులకు తగలకూడదు. నీటిలో ఉండే అమీబా ఒకటి చూపునే పోగొట్టగలదు. తలంటుకునే ముందు తీసేయండి. లెన్సును దాని ద్రావకంతోనే అరచేతిలో రుద్ది కడగాలి. డబ్బాలో నిన్నటి ద్రావకం పారబోసి కొత్తది పోయాలి. మూడు నెలలకొకసారి డబ్బానే మార్చాలి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, మసకేసినా వెంటనే లెన్సు తీసేసి ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఉన్న చుక్కలమందు వెయ్యకండి. అన్నట్టు, కళ్ళజోడు మాత్రం పారెయ్యొద్దు. రాత్రిపూట కళ్ళకు అదే విశ్రాంతి.

మా మేనకోడలు ఇప్పుడు కళ్ళజోడే పెట్టుకుంటోంది. వాళ్ళాయన ఏమీ అనలేదు.