ఇసుక క్రింది నీరు

నెల్లూరు తీరమున నాయుడుపేట ప్రక్కగా పాఱు స్వర్ణముఖిని నడివేసవిలో చూచినవారికి అది నది యని తోచదు. కనుచూపుమేర ఇసుకయే. అయినను ఆ ఇసుకలో కొంతలోతు గోయి త్రవ్వినచో నీరూరును. దానిని మనవారు చెలమ యందురు. చెలమనీరు తొందరపడువారికి దక్కదు. మొదట ఊరునది బురదనీరు. దానిని తోడి పాఱబోసి, కొంతతడవు కనిపెట్టుకొని యున్నగాని తేటనీరు రాదు. ఈ సీమకు మఱియొక విశేషమును కలదు. దేశమున పెక్కుచోట్ల ఆషాఢ శ్రావణములలోనే చెఱువులు నిండుచుండగా, ఇక్కడి రైతు ఈశాన్య ఋతుపవనముల కొఱకు ఆశ్వయుజ కార్తికములదాక ఎదురుచూడవలసియుండును. ఎవరి పొలములో పచ్చబడినవని వినుచు, తన పొలము ఎండియుండగా ఓర్చియుండుట యెట్టిదో ఈ ప్రాంతమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

క్రైస్తవ భక్తుని జీవితమునందును ఇట్టి ఎండకాలములు వచ్చును. తీరని రోగము, కడుపున పుట్టినవారి మరణము, ఋణబాధ, అవమానము, ఎంత ప్రార్థించినను ప్రత్యుత్తరము దొరకనట్టి మౌనము - వీనిలో ఏదియు తాకని గృహము అరుదు. విశ్వసించినవారికి శ్రమ యేల? శ్రమవలన ఆత్మ నిజముగా ఎదుగునా? ఎదిగినచో ఎట్లెదుగును? ఈ ప్రశ్నలను గూర్చి శ్రోతలతో కలిసి కొంత విచారింప దలచితిమి.

ముందుగా రెండు అపోహలను తొలగించుకొనుట మంచిది. శ్రమ వచ్చెననగా ఏదో పాపము చేసియుందురనుట మొదటిది. యోబు మిత్రులు ఈ వాదమునే పట్టుకొనిరి. గ్రంథాంతమున దేవుడు తప్పుపట్టినది యోబును నిందించిన ఆ మిత్రుల మాటలనే. పుట్టుగ్రుడ్డివానిని చూపి, ఇది ఎవరి పాపఫలమని శిష్యులడిగినప్పుడు యేసుప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను. శ్రమ తనంతట తానే మంచిదనుట రెండవ అపోహ. ఇదియు సరికాదు. గెత్సేమనే తోటలో ప్రభువే ఆ పాత్ర తన యొద్దనుండి తొలగవలెనని వేడుకొనెను. బాధ తొలగవలెనని కోరుట అవిశ్వాసమైనచో ఆ ప్రార్థనకు అర్థమేమి? శ్రమ ఒకనిని మెత్తబఱచును, మఱియొకనిని రాయి చేయును. కావున ఎదుగుదల శ్రమలో లేదు. శ్రమలో మనము దేనిని విడువక పట్టుకొందుమో దానిలో ఉన్నది.

రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయమున పౌలు ఒక వరుస చూపెను. శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్షకు నిలిచిన శీలము, దానినుండి నిరీక్షణ కలుగునని ఆయన భావము. శ్రమ వెనువెంట ఆనందము చెప్పబడలేదు. నడుమ ఓర్పు ఉన్నది. గ్రీకు మూలమున ఆ పదమునకు బరువు క్రింద నిలిచియుండుట యని అర్థము వచ్చును. చేతులు ముడుచుకొని కూర్చుండుట ఓర్పు కాదన్నమాట. ఆ పౌలే తన శరీరములోని ముల్లు తొలగింపుమని ముమ్మాఱు వేడుకొనెను. ముల్లు తొలగలేదు, దానిని భరించుటకు చాలినంత కృప మాత్రము దొరకెను.

ఈ మాటలకు సాక్ష్యము వెదకుచు దూరదేశములకు పోనక్కఱలేదు. నెల్లూరు సీమ చరిత్రలోనే ఉన్నది. 1836లో అమెరికా బాప్తిస్టు మిషను పక్షమున ఇండియాకు వచ్చిన శామ్యూల్ డే, 1840లో నెల్లూరు చేరి పని మొదలిడెను. ఏండ్లు గడచినను విశ్వాసుల సంఖ్య వ్రేళ్లపై లెక్కింపదగినంతయే. ఆరోగ్యము చెడి ఆయన ఒకమాఱు స్వదేశమునకు పోవలసివచ్చెను. ఫలితము లేని ఈ పనిని మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు 1848లోను, 1853లోను, 1862లోను మూడుసార్లు ఆలోచించిరి. 1853 నాటి సభలో, మిషను కేంద్రముల పటముపై తెలుగుదేశమున ఒంటరిగా కనబడిన నెల్లూరును ఒకరు ఒంటిచుక్కగా పేర్కొనిరి. ఆ మాట పట్టుకొని శామ్యూల్ స్మిత్ అను కవి ఒక పద్యము వ్రాసెను. నాటినుండి దానికి 'ఒంటిచుక్క మిషను' అను పేరు నిలిచిపోయెను.

ఆ యేండ్లలో నెల్లూరున ఉన్నవారేమి చేసిరి? అద్భుతములేవియు చేయలేదు. భాష నేర్చుకొనిరి. పిల్లలకు చదువు చెప్పిరి. ఊరూర తిరిగి సువార్త చెప్పిరి. 1849లో వచ్చిన లైమన్ జూయెట్ తెలుగు చక్కగా అభ్యసించి, అనంతరకాలమున తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకొనెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున జూయెట్ దంపతులును, నరసు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు చెంతనున్న కొండపైకెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. అచ్చట కూడినది అయిదుగురే. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యందురు. ఆ ప్రార్థనకు ఒంగోలున ఫలము కనబడుటకు పండ్రెండేండ్లు పట్టెను. 1862లో మిషనును మూసివేయుదమను మాట మరల వచ్చినప్పుడు, ఎవరు పంపినను పంపకున్నను తాను తిరిగిపోయి తెలుగువారి నడుమనే బ్రదికి అక్కడనే చనిపోవుదునని జూయెట్ తెగేసి చెప్పెను. తిరిగివచ్చునప్పుడు ఆయన వెంట బయలుదేఱిన యువకుడు జాన్ క్లౌ. ఆయన 1866లో ఒంగోలు చేరెను.

ఆ సంవత్సరమే యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ భక్తుడు బాప్తిస్మము పొందెను. అంతకుముందే యోగసాధనలో చిరకాలము సత్యము వెదకినవాడు. తోళ్ల వ్యాపారము చేసికొనుచు ఊళ్లు తిరిగినవాడు. ఒంగోలు చుట్టుపట్ల పల్లెలలో సువార్త వ్యాపించుటకు ఆయన కాలినడకయే ముఖ్యకారణము. ఆయన మాట విని విశ్వసించినవారికి సుఖము కలుగలేదు. ఆదివారము వెట్టిచాకిరికి రామనియు, జాతరలలో డప్పు కొట్టమనియు చెప్పినందులకు గ్రామాధికారుల ఆగ్రహమునకు గుఱియైరి. కొన్నిచోట్ల నీటికిని అడ్డు కలిగెను. ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మనస్సాక్షి కొఱకు తానై భరించు శ్రమ వేఱు. బలవంతుడు బలహీనునిపై మోపు అన్యాయము వేఱు. మొదటిదానిని ఓర్చుకొనుట భక్తి. రెండవదానిని చూచి, ఇది మీ ఆత్మకు మేలని పలుకుట భక్తి కాదు. దానిని మాన్పుటకు పూనుకొనవలెను.

ఇంతలో 1876వ సంవత్సరమున కరువు వచ్చెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది దానినే. మద్రాసు రాజధానిలో లక్షల జనము ఆకలికిని, వెంటవచ్చిన రోగములకును బలియైరి. పేదలకు పని చూపుటకై ప్రభుత్వము సముద్రతీరపు కాలువ త్రవ్వించెను. నెల్లూరు తీరమువారు నేటికిని ఎఱిగిన బకింగ్‌హామ్ కాలువయే అది. యౌవనమున భూమి కొలత పని నేర్చియున్న క్లౌ మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. పనిచోటులలో బోధకులు వారిని ఓదార్చుచు సువార్త చెప్పిరి. విని, బాప్తిస్మమిమ్మని అడిగినవారు పెక్కుమంది. కాని కరువు సాగినంతకాలము క్లౌ ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కూలి కొఱకో గంజి కొఱకో వచ్చిరను మాట రాకూడదనియు, ఆకలిని విశ్వాసమునకు ఎరగా చేయరాదనియు ఆయన నిశ్చయము. 1878లో సహాయపు పనులు ముగిసి, ఇయ్యదగిన ధనమింక లేదని తెలిసిన పిదపను వారు మరలి వచ్చిరి. ఆ జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను శ్రమకు దొరికిన కూలిగా లెక్కింపరాదు. కరువులో చనిపోయినవారి మరణము మఱియొకరి ఆత్మవృద్ధికి సాధనమని చెప్పుట క్రూరము. నెల్లూరు పని ప్రారంభించిన శామ్యూల్ డే ఆ దినమును చూడనేలేదు. 1871లోనే అమెరికాలో కన్నుమూసెను. 1878 రాకున్నను 1854 నాటి ఆ అయిదుగురి ప్రార్థన వ్యర్థము కాదు. ఫలితము చేతికందక ముందే వారు ఎదిగిరి. ఫలము కనబడనప్పుడును చేయదగిన పనిని చేయుట నేర్చుకొనుటయే ఆ ఎదుగుదల. క్లౌ నేర్చినది మఱియొకటి: అనువుగా దొరికిన విజయమునైనను, అందు బేరము వాసన ఉన్నయెడల, ఆపుకొనగల నిగ్రహము.

ఇక నాయుడుపేటకు వత్తము. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ మిషను పక్షమున ఆగస్ట్ మీలియుస్ ఈ దక్షిణ నెల్లూరు ప్రాంతమున సూళ్లూరుపేటలో పని మొదలిడెను. ఆ సంవత్సరము నవంబరులోనే స్వదేశమున మిషను స్థాపకుడు లూయీ హార్మ్స్ మరణించెను. అయినను పని ఆగలేదు. నాయుడుపేట, గూడూరు మొదలగుచోట్ల కేంద్రములు వెలసినవి. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా, జర్మనులు బ్రిటిషు ప్రభుత్వమునకు శత్రుదేశీయులైరి. ఇండియాలోని జర్మను మిషనరీలకు తమ పనిలో నిలుచుటకు వీలులేకపోయెను. ఈ సంఘముల భారము అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చెను. తమను పెంచినవారు దూరమైన ఆ కాలము ఎండకాలమే. కాని ఏ దొరలను ఆశ్రయించి నిలిచినారో ఆ దొరలు పోయినను నిలుచునది ఏదో తెలియుటకు అదియు ఒక తరుణమాయెను. ఆ సంఘములే తరువాత తిరుపతి ముఖ్యస్థానముగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘముగా ఏర్పడినవి.

ఈ చరిత్రనుండి మన యిండ్లకు పనికివచ్చునది ఏమి? మాకు తోచినవి మూడు.

మొదటిది, దుఃఖమును దాచక దేవుని యెదుట చెప్పుకొనుట. బైబిలులోని నూటయేబది కీర్తనలలో మొఱలు ఎన్నియో కలవు. ఎనుబదియెనిమిదవ కీర్తన చీకటి ప్రస్తావనతోనే ముగియును. అట్టి మొఱను ప్రార్థనగ్రంథములో ఉంచిన భక్తులు, కన్నీటితో ఫిర్యాదు చేయుట అవిశ్వాసము కాదని మనకు తెలిపినవారే. చెలమలో మొదట వచ్చు బురదనీరు వంటిదది. తోడివేయనిదే తేటనీరు రాదు.

రెండవది, చిన్న నియమమును విడువకుండుట. మనస్సు ఎండినప్పుడు సుదీర్ఘ ప్రార్థనలు సాగవు. ఒక కీర్తన చదువుట, ఒక వాక్యము తలచుకొనుట, ఆదివారము మందిరమునకు పోవుట, చేయవలసిన పనిని చేయుట - ఇంతయే చాలును. రోగమైనచో వైద్యుని యొద్దకు పోవుటయు ఈ నియమములోనిదే. నిద్రపట్టని దిగులు నెలల తరబడి వదలనప్పుడు దానిని భక్తిలోపమని దాచక వైద్యునికి చెప్పవలెను.

మూడవది, ఇతరుల శ్రమ యెదుట నోటిని అదుపులో నుంచుకొనుట. యోబు మిత్రులు మొదటి ఏడు దినములును ఏడు రాత్రులును అతనితో నేలపై మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మంచిపని అదియే. మాటలు మొదలుపెట్టిన తరువాతనే తప్పిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, ఇది దేవుని చిత్తము, దీనివలన నీవు ఎదుగుదువని చెప్పుట మన పని కాదు. తన శ్రమకు అర్థమేమో చెప్పుకొను హక్కు ఆ శ్రమపడినవారిదే. అదియు వారికి వీలైనప్పుడు, ఇష్టమైనచో. మనము చేయదగినది పొయ్యి వెలిగించి నాలుగు మెతుకులు వండిపెట్టుట, పిల్లలను చూచుకొనుట, నెల గడచిన పిమ్మటను మరల ఆ గడప త్రొక్కుట.

శ్రమనుండి బయటపడినవారు తఱచుగా చెప్పు మాట, బాధ యెందుకు వచ్చినదో తమకు నేటికిని తెలియలేదనియే. కాని మునుపు తమ కంటబడని పొరుగువారి బాధ ఇప్పుడు కంటబడుచున్నదందురు. ఆత్మ ఎదిగినదనుటకు ఇంతకన్న నమ్మదగిన గుర్తు మాకు తెలియదు. స్వర్ణముఖి ఇసుకలో ఒకరు త్రవ్విన చెలమ యొద్దకు వాడలోని వారందఱును బిందెలతో వత్తురు. త్రవ్వినవారు తమ బిందె నిండగానే దానిని పూడ్చిపెట్టి పోరు. కార్తికపు వఱద వచ్చి నది నిండువఱకు అది అందఱికిని నీరిచ్చుచునే యుండును.