పని పెరిగినప్పుడు పాత మనిషి

కోయిలకుంట్లలో ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక విశ్వాసి ఆమధ్య నా దగ్గరకు వచ్చాడు. (సంబంధించిన ఇద్దరి అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను.) అంగడి పెట్టిన నాటినుండి, ఇరవై ఏళ్ళకు పైగా, లెక్కలు వ్రాసే గుమస్తా ఒకరే. శనగ, పత్తి రైతుల బాకీలన్నీ ఆయనకు నోటిలెక్కే. అంగడి పెరిగింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. ఆ తరువాత ఎరువుల అమ్మకానికి ఆధార్ వేలిముద్రల యంత్రం వచ్చింది. పెద్దాయన మాత్రం చిట్టా పుస్తకం విడువలేదు. తప్పులు దొర్లాయి. యజమాని ఒక కుర్రవాణ్ణి పెట్టి, పెద్దాయనకు ఏమీ చెప్పకుండా ఒక్కొక్క లెక్కే తప్పిస్తూ వచ్చాడు.

"అయ్యగారూ, మీ మాటంటే ఆయనకు గురి. మీరే చెప్పండి, నా నోట రాదు" అన్నాడు.

"ఆయనకు ఆ యంత్రం ఎవరైనా నేర్పారా?" అని అడిగాను. తల వంచుకున్నాడు.

ప్రియ చదువరులారా, ఒక మనిషి పనికి చాలడం లేదని ఎలా గుర్తించాలి? నేర్పి, గడువిచ్చిన తరువాత కూడా అదే తప్పు వస్తున్నదా? ఆయన పనిని ఇతరులు చాటున దిద్దుతున్నారా? ఆయనతో అనవలసిన మాట మనం ఊరందరితో అంటున్నామా? ఈ మూడవ ప్రశ్న పనివానికి కాదు, యజమానికే పరీక్ష.

లేవీయులు 50 ఏళ్ళు నిండగానే ప్రత్యక్షపు గుడారపు సేవ మానాలని సంఖ్యాకాండము 8వ అధ్యాయంలో ఉంది. కాని వారిని వెళ్ళగొట్టమని లేదు. సహోదరులకు తోడుగా ఉండి కావలి కాయాలి. పంఫూలియలో పని విడిచిపోయిన మార్కును పౌలు మరల వెంట తీసుకొనలేదు. చివరి రోజుల్లో ఆ మార్కునే పిలిపించుకున్నాడు. ఒక పనికి తగనివాడు అన్ని పనులకూ తగనివాడు కాడు.

వేరే పని లేక పంపవలసే వస్తే, హక్కుగా రావలసినది ఎగ్గొట్టరాదు. 1988 నాటి మన రాష్ట్ర దుకాణాల చట్టం అంతకాలం చేసినవారికి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం చెప్పింది. కూలివాని కూలి బిగబట్టడం యాకోబు పత్రిక ప్రకారం దేవుని చెవిని చేరే పాపం.

ఆ అంగడిలో రెండు నెలలు నేర్పి చూశారు. కుదరలేదు. ఒక సాయంత్రం యజమాని తానే ఎదుట కూర్చొని నిజం చెప్పాడు.

"నాకు తెలీక కాదప్పా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాండా" అన్నాడట పెద్దాయన. వారం రోజులు అంగడి ముఖం చూడలేదు. ఇప్పుడు బాకీల వసూలు, రైతులతో మాట్లాడడం ఆయన పని. జీతం తగ్గించలేదు.

నిజాన్ని ప్రేమతో, వేళకు చెప్పే ధైర్యం ప్రభువు మన యజమానులకు దయచేయును గాక. ఆమేన్.