కిడ్నీ రాళ్లకు లేజరు: కరెంటు ఎంత? కాంతి ఎంత?

మన తిరుపతికి దగ్గరలోని గాదంకి వాతావరణ పరిశోధనశాలలో 1998లో లేజరు కాంతిని ఆకాశంలోకి పంపి, గాలిలోని ధూళి కణాలను పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ లేజరులో మొదట పుట్టేది కంటికి కనిపించని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. దాన్ని స్ఫటికం గుండా పంపి 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిగా మారుస్తారు. ఇలా పనికి తగిన కాంతిని తయారుచేసే ప్రతి మెట్టులోనూ కొంత శక్తి వృథా అవుతుంది.

ఆసుపత్రి లేజర్లకూ ఇదే చిక్కు. ఎండలు మండే మన జిల్లాల్లో చెమట ఎక్కువ పట్టి, నీళ్లు తక్కువ తాగేవారికి మూత్రం చిక్కబడి కిడ్నీల్లో రాళ్లు ఏర్పడవచ్చు. వాటంతట అవి పడిపోని రాళ్లను, మూత్రనాళం గుండా సన్నని గొట్టం పంపి లేజరుతో పొడి చేస్తారు.

పాత లేజరు, కొత్త లేజరు

ఎన్నో ఏళ్లుగా వాడుతున్న హోల్మియం లేజరు కాంతి సుమారు 2100 నానోమీటర్లు. నూరు పాళ్ల కరెంటు తీసుకుంటే కాంతిగా మారేది ఒకటి రెండు పాళ్లే. మిగిలింది వేడి. అందుకే దాన్ని నీటితో చల్లబరచాలి. శక్తి ఎక్కువ గల యంత్రాలకు ప్రత్యేక కరెంటు లైను కూడా కావాలి.

తరువాత వచ్చిన తూలియం ఫైబర్ లేజరులో కాంతి సన్నని గాజు తీగలోనే పుడుతుంది. తూలియం కాంతిని సుమారు 1800 నుండి 2050 నానోమీటర్ల మధ్య కోరినచోట నిలపవచ్చు. నీరు బాగా పీల్చుకునే 1940 దగ్గర నిలిపితే, హోల్మియం కాంతి కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా నీటిలో ఇంకుతుంది. రాతి చుట్టూ, రాతి సందుల్లో ఉండేది నీరే కదా! పైగా నూరు పాళ్ల కరెంటులో పన్నెండు పాళ్ల వరకు కాంతి అవుతుంది. ఫ్యాను గాలి, మామూలు ప్లగ్గు చాలు. చిన్న ఊళ్ల ఆసుపత్రులకు ఇది పెద్ద ఊరట.

అయితే ఒక జాగ్రత్త. ఏ లేజరైనా కిడ్నీలోని నీటిని వేడెక్కిస్తుంది. ఆపరేషన్ సాగినంతసేపూ సెలైన్ పారుతుండాలి. యంత్రం కంటే డాక్టరు అనుభవమే ముఖ్యం.

గుర్తుంచుకోండి

• లేజరు ఉన్న రాయిని తీస్తుంది, కొత్త రాయిని ఆపలేదు.
• రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరును అడిగి తాగాలి.
• నడుము నొప్పితో చలిజ్వరం వస్తే ఆలస్యం చేయక, వెంటనే ఆసుపత్రికి రండి.