అమెరికా రాజకీయములలో గర్భస్రావ వ్యతిరేకోద్యమము

జీవము ఎప్పుడారంభమగునన్న తాత్త్విక ప్రశ్న ఎన్నికల వేదికలకెక్కి, తుదకు న్యాయమూర్తుల నియామకములను సైతము శాసించిన చరిత్ర అమెరికా సంయుక్త రాష్ట్రములది. 1973లో 'రో వర్సెస్ వేడ్' తీర్పునందు సుప్రీంకోర్టు గర్భస్రావమును స్త్రీకిగల రాజ్యాంగపు హక్కుగా గుర్తించినప్పుడు, దానిని మొదట గట్టిగా ఎదిరించినవారు ప్రధానముగా కాథలిక్కులు. మరుసటి సంవత్సరమే వాషింగ్టనులో 'మార్చ్ ఫర్ లైఫ్' ప్రదర్శన ఆరంభమయ్యెను. 1976లో కాంగ్రెసు సభ్యుడు హెన్రీ హైడ్ ప్రతిపాదించిన సవరణ, పేదల వైద్యమునకై ఏర్పడిన మెడికెయిడ్ నిధులు గర్భస్రావములకు చేరకుండ దాదాపు అడ్డుకొనెను. 1979లో మతబోధకుడు జెర్రీ ఫాల్‌వెల్ నెలకొల్పిన 'మోరల్ మెజారిటీ' మూలమున ఇవాంజెలికల్ ప్రొటెస్టెంటులును ఈ పక్షమున బలముగా నిలువగా, రిపబ్లికన్ పార్టీ 1980 నాటి తన ప్రణాళికలో గర్భస్థ శిశు రక్షణకై రాజ్యాంగ సవరణను సమర్థించెను.

ఆ సవరణ దుస్సాధ్యమని తేలినపిమ్మట ఉద్యమము రెండు మార్గములనవలంబించెను: రాష్ట్ర శాసనసభలలో ఆంక్షలను క్రమక్రమముగా పెంచుట యొకటి, సుప్రీంకోర్టున అనుకూల న్యాయమూర్తులు నియమితులగునట్లు పాటుపడుట రెండవది. డొనాల్డ్ ట్రంప్ నియమించిన మువ్వురితో కూడిన ఆ న్యాయస్థానము 2022 జూన్ 24న 'డాబ్స్' తీర్పుతో ఆ హక్కును త్రోసిపుచ్చి, నిర్ణయమును రాష్ట్రములకు విడిచెను. అయితే ఆ ఆగస్టుననే, రిపబ్లికన్లకు పెట్టనికోటయగు కాన్సస్‌లో, గర్భస్రావ హక్కు రాష్ట్ర రాజ్యాంగమున లేదని చాటదలచిన సవరణను ఓటర్లు తిరస్కరించిరి.

దాదాపు సంపూర్ణ నిషేధము అమలులోనున్న టెక్సాసున తెలుగు కుటుంబములు విస్తారముగా నివసించుచున్నవి గనుక, ఇది మనకు పరాయి చర్చ కాదు. గర్భస్థ ప్రాణముపై గౌరవము నిశ్చయముగా ధర్మచింతయే. కాని శిక్షాభయమున వైద్యుడు వెనుదీసినచో తల్లి ప్రాణమే ఆపదపాలగునన్న సత్యమును శాసనకర్తలు ఏనాడును విస్మరింపరాదు.